అక్కని అడగని మాట

మా వీధిలో నన్ను సగం డాక్టరంటారు. మందుల షాపు పెట్టి ఇరవై రెండేళ్లయింది. ఎవరొచ్చినా ముందు అడిగేది ఒకటే: "ఇంకేం మందులు వాడుతున్నారు?" ఈ మాట అడక్కుండా జ్వరం బిళ్ల కూడా ఇవ్వను. నా అంత చాదస్తుణ్ని చూడలేదని మా ఆవిడ దెప్పుతూనే ఉంటుంది.

అక్కని మాత్రం అడగలేదు. కాలర్లు కుట్టే వర్క్‌షాపులో పొద్దస్తమానం వంగి కూర్చునే మనిషి, గుండెల్లో మంటంటే గ్యాసే అనుకున్నాను. సొంత మనిషికి మళ్లీ విచారణేంటని యాంటాసిడ్ సిరప్ చేతిలో పెట్టి, "పొద్దున తినగానే రెండు చెంచాలు తాగు" అన్నాను. ఏడు నెలలపాటు, సీసా అయిపోకముందే ఇంకోటి పట్టుకెళ్లి మరీ ఇచ్చాను. ఎంత మంచి తమ్ముణ్నో!

ఓ మధ్యాహ్నం అక్క ఫోన్ చేసి పెద్దాసుపత్రికి రమ్మంది. అక్కడ మందుల సంగతి చూసే కౌన్సెలరమ్మ బల్ల మీద నా షాపు చీటీ అంటించిన సిరప్ సీసా, పక్కనే లేబుల్ పీకేసిన తెల్ల డబ్బా ఉన్నాయి. అక్క తలెత్తలేదు.

"మీ అక్కగారికి హెచ్‌ఐవీ ఉందండి," అంది కౌన్సెలరమ్మ. "నాలుగేళ్లుగా మా దగ్గరే మందు. ఆవిడే మీకు చెప్పమన్నారు."

బావ పోయి కూడా నాలుగేళ్లే. ఊపిరితిత్తుల జబ్బన్నారు, నమ్మాను.

"మూడు మందులు కలిపిన బిళ్ల ఇది, రోజుకొకటి. ఇన్నాళ్లూ రక్తంలో వైరస్ కనపడనంత తక్కువుంది. ఈసారి పెరిగింది. మానేశారేమో అనుకున్నాం."

"ఒక్క పూట కూడా మానలేదమ్మా," అంది అక్క. "పొద్దున తినగానే అదీ ఇదీ కలిపే వేసుకున్నా."

"చిక్కంతా అక్కడే వచ్చింది. ఈ సిరప్ మీ బిళ్లని ఒంటికి పట్టనివ్వదు. బిళ్ల వేసుకున్నాక రెండు గంటలాగి సిరప్ తాగాలి. ముందే సిరప్ తాగేస్తే బిళ్లకి ఆరు గంటలాగాలి. బిళ్ల మాత్రం మీ అంతట మీరు ఆపకండి. మూడు నెలలకి మళ్లీ చూద్దాం. తగ్గకపోతే మందే మార్చాల్సి రావొచ్చు."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సంగతి తెలియక కాదు. ఆ బిళ్ల పేరు చెబితే నిద్రలో లేపినా చెప్పేవాణ్ని.

ఆ మూడు నెలలూ నేను తిన్నది ఒంటబట్టలేదు. పరీక్షలో వైరస్ మళ్లీ కనపడనంత తక్కువకి దిగిందని చెప్పగానే ఆసుపత్రి మెట్ల మీదే ఏడ్చేశాను. అంత ఏడుపులోనూ నా నోరు ఊరుకోలేదు.

"నాకెందుకు చెప్పలేదక్కా? నేనేమన్నా పరాయివాణ్నా?"

అక్క నా పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"మొదటి సీసా ఇచ్చావు చూడు, ఆ రోజు చెబుదామనే వచ్చానురా. మీరంతా భోజనాల దగ్గరున్నారు. ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసే అతనెవరో ఇవే బిళ్లల చీటీతో నీ షాపుకొచ్చాడంటున్నావు. మంచినీళ్లడిగితే ఇచ్చి, అతను వెళ్లాక ఆ గ్లాసు రెండు వేళ్లతో పట్టుకెళ్లి ఎలా పారేశావో చేసి చూపిస్తున్నావు. ఇంకేం చెప్పను? గుండెల్లో మంటన్నాను."

గుర్తొచ్చింది. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. మళ్లీ చేయమంటే మళ్లీ చేశాను.

అక్క కూడా నవ్వింది ఆ రోజు.