జూరాకాన్ అక్క రాయించిన కాగితం

ఓష్ నగరంలో బజారు దాటాక, పామీరు కొండల వైపు లారీలు పోయే రోడ్డు మీద మేం తొమ్మిదిమందిమి విటుల కోసం నిలబడేవాళ్లం. మాకు కండోములు తెచ్చిచ్చేది జూరాకాన్ అక్క. ఒకప్పుడు ఆమె కూడా అక్కడే నిలబడేది. మోకాళ్లు పాడయ్యాక మానేసి, మాలాంటివాళ్ల కోసం పనిచేసే ఒక చిన్న సంఘంలో చేరింది. మధ్యాహ్నం కాగానే కుంటుకుంటూ వచ్చి, ఒక్కొక్కరి చేతిలో పొట్లం పెట్టి, తిన్నావా అని అడిగి వెళ్లేది.

తీసుకునేవాళ్లమే గానీ దగ్గర ఉంచుకునేవాళ్లం కాదు. పోలీసులు సంచులు వెతికి, కండోము దొరికితే అదే సాక్ష్యమని స్టేషనుకు లాక్కెళ్లేవారు. అందుకని వాళ్ల బండి కనబడగానే కాలవలో పారేసేవాళ్లం. ఆ తర్వాత వచ్చిన లారీవాడు అది లేకుండానే రమ్మంటే, ఇదిగో వాడమని చూపించడానికి చేతిలో ఏమీ ఉండేది కాదు. ఉన్నా ఒప్పుకోనివాళ్లు ఎలాగూ ఉంటారు.

అలా నాకు సిఫిలిస్ అంటుకుంది. ఒంటి మీద దద్దుర్లు వస్తే కొత్త సబ్బు పడలేదనుకున్నాను. అక్క నా అరచేతులు తిప్పి చూసి, ఇది సబ్బు పని కాదని ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ చీటీలు రాసే ఆమె, నేనేం పని చేస్తానో వరుసలో అందరికీ వినబడేలా అడిగింది. నేను గుమ్మం వైపు తిరిగాను. అక్క నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ పని నేను పద్నాలుగేళ్లు చేశానమ్మా. గట్టిగా అడగాలనుంటే నన్నడుగు. ఈ ఐజమాల్‌కి మాత్రం చీటీ రాయి," అంది, మామూలు గొంతుతోనే.

ఆమె తలొంచుకుని చీటీ రాసింది. సూది వేశారు.

బయటికొచ్చాక, ఇచ్చిన పొట్లాలన్నీ ఏమయ్యాయని అక్క అడిగింది. కాలవ సంగతి చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

మర్నాడు పొద్దున్నే అట్టపెట్టె నిండా కండోములు పట్టుకుని స్టేషనుకు బయల్దేరింది. నన్నూ రమ్మంది. వెళ్లాను. మమ్మల్ని ఎప్పుడూ పట్టుకునే సార్జెంటు బల్ల మీద ఆ పెట్టె పెట్టి, ఇవి నావి, కేసు రాయమంది.

సార్జెంటు నవ్వాడు. "ఈ వయసులో ఇన్నెందుకే ముసలీ?"

"మా పిల్లల దగ్గర మూడు దొరికితే సాక్ష్యమన్నావు. ఇక్కడ మూడొందలున్నాయి. రాయి నాయనా. ఏ చట్టం కిందో అది కూడా రాయి."

అతను రాయలేదు, పొమ్మన్నాడు. అక్క వెళ్లి బెంచీ మీద కూర్చుంది. పెట్టె ముట్టుకోవడానికి అతనికి మొహమాటం. వచ్చినవాళ్లంతా అదేమిటని అడగడం మొదలెట్టారు. పాస్‌పోర్టు పోయిందని వచ్చిన ఒక పెద్దావిడకి అక్క ఓపిగ్గా అంతా వివరించింది. ఆవిడ విని, మా అల్లుడికి రెండివ్వమని అడిగి తీసుకుంది. సార్జెంటు చెవులు ఎర్రబడ్డాయి.

మధ్యాహ్నానికి పై అధికారి గదిలోంచి వచ్చి, ఇందులో నేరమేమీ లేదు, తీసుకుపొమ్మన్నాడు.

"ఆ మాటే కాగితం మీద రాసివ్వండి సార్," అంది అక్క.

ఆమె లేచేలా లేదని అతనికి అర్థమైనట్టుంది. కండోములు దగ్గరుంచుకోవడం నేరం కాదని రాసి, సంతకం చేసి ముద్ర వేశాడు.

అక్క నకళ్లు తీయించి మా అందరికీ పంచింది. సార్జెంటు రెండుసార్లు చింపేశాడు. రెండుసార్లూ ఆమె కొత్తవి తెచ్చింది. మూడోసారి అతను చదివి, మడతపెట్టి తిరిగిచ్చేశాడు. ఆ తర్వాత మేం పొట్లాలు పారేయలేదు. లారీవాళ్లు మారిపోయారని చెప్పను. ఒప్పుకోనివాడి బండి దిగి వచ్చేయడం మాత్రం నేర్చుకున్నాం. కొన్నాళ్లకి నా రక్తపరీక్ష బాగుందన్నారు.

ఇప్పుడు అక్క బస్సుల అడ్డా దగ్గర నిలబడేవాళ్ల కోసం తిరుగుతోంది. అక్కడి స్టేషను వేరు, అధికారి వేరు. రెండు రోజులు కూర్చున్నా అతను రాయనన్నాడట. రేపు ఆమె పక్కన నేనూ కూర్చుంటాను.