నయోమి, నవమి

బ్యూలా చనిపోయిన సంగతి హెప్సిబాకు పనిలో ఉండగా తెలిసింది. మిల్టన్‌లో ఓ కాఫీ షాపు డ్రైవ్ త్రూ కిటికీ దగ్గర నిలబడి, చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని ఆర్డరు వింటుండగా జేబులో ఫోను ఆగకుండా వణికింది. కారులో ఉన్నాయన పాలు ఎక్కువ వేయమన్నాడు. ఎక్కువే వేసి, కప్పు చేతికందించి, నవ్వి, ఆ తర్వాత స్టోర్ రూములోకి వెళ్లి ఫోనెత్తింది. చిలకలూరిపేట నుంచి మేనమామ. డెంగీ అన్నారు, ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు, గుంటూరు తీసుకెళ్లేలోపే ప్రాణం పోయిందన్నాడు. "సరే మామయ్యా" అంది హెప్సిబా. మళ్లీ వచ్చి కిటికీ దగ్గర నిలబడి షిఫ్టు పూర్తి చేసింది.

హెప్సిబా, బ్యూలా కవలలు. బైబిల్లో ఒకే వచనంలో పక్కపక్కనే కనబడే రెండు పేర్లు ఏరి తాతయ్య వాళ్లకు పెట్టాడు. హెప్సిబా అంటే ఈమె నాకు ఇష్టురాలు అని అర్థమట. బ్యూలా అంటే పెళ్లయినది అని. బ్యూలాకు సంబంధాలు చూస్తూనే ఉన్నారు, ఏదీ కుదరలేదు.

హెప్సిబా ఇంటికి వెళ్లలేదు. స్టడీ పర్మిట్ గడువు అయిపోయి ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేసి కూర్చుంది. ఈ స్థితిలో దేశం దాటితే మళ్లీ రానిస్తారో లేదో చెప్పలేమని కాలేజీలో అన్నారు. అమ్మే వద్దంది. సమాధి కార్యక్రమం ఫోనులో చూసింది. ఎవరో పట్టుకున్న ఫోను అటూ ఇటూ ఊగుతుంటే, చెల్లి ముఖం కంటే షామియానా గుడ్డే ఎక్కువ కనబడింది. ఏడుపు వస్తుందేమోనని బాత్రూములోకి వెళ్లి తలుపేసుకుంది. రాలేదు. కాసేపు నిలబడి చేతులు కడుక్కుని బయటికి వచ్చింది. అప్పటి నుంచీ అంతే. బస్సెక్కి హామిల్టన్‌లో కాలేజీకి వెళ్లేది, క్లాసులో చెప్పింది రాసుకునేది, తిరిగొచ్చి పనికి పోయేది. తిన్నది ఉప్పగా ఉందో చప్పగా ఉందో తెలిసేది కాదు.

ఆమె ఉండేది కావ్యశ్రీ వాళ్ల బేస్‌మెంట్‌లో. కావ్యశ్రీ, రోహిత్ ఇద్దరూ ఐటీలో పనిచేస్తారు. అమెరికాలో కొన్నేళ్లుండి, అక్కడ గ్రీన్ కార్డు తేలక సరిహద్దు దాటి ఇటు వచ్చి టౌన్‌హౌస్ కొనుక్కున్నారు. రోహిత్ వాళ్లది నరసరావుపేట. మన ప్రాంతం పిల్ల అని హెప్సిబాకు గది ఇచ్చారు. కావ్యశ్రీకి ఏడో నెల. మెట్లెక్కితే ఆయాసపడుతోందని, ఖాళీ ఉన్నప్పుడు హెప్సిబా పైకి వెళ్లి వంటలో సాయం చేసేది.

ఓ ఆదివారం హెప్సిబా చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, కావ్యశ్రీ సోఫాలో కాళ్లు చాపుకుని పుట్టబోయే పాపకు ఫోనులో పేర్లు చూస్తోంది. ఏ పేరు ఏ ఏడు ఎంతమందికి పెట్టారో గీత గీసి చూపే సైటది.

"మీ బైబిల్ పేర్లకి ఇక్కడ ఎంత క్రేజో తెలుసా హెప్సిబా? మా టీమ్‌లో ఒకావిడ పాపకి లియా, ఇంకొకావిడ పాపకి హానా. డే కేర్ చూద్దామని వెళ్తే అక్కడ నయోమీలే ఇద్దరున్నారు."

"మా ఊళ్లో నయోమి అంటే పెద్దవాళ్లక్కా."

"అదే తమాషా. మా మేనేజర్ రాచెల్, నలభై దాటేశాయి. డెబోరా అనే ఆవిడ మొన్న రిటైరయింది. అవి పాతబడిపోయాయి, ఇవేమో ఫ్యాషనయ్యాయి. ఎవరు డిసైడ్ చేస్తారో!"

"రాహేలు అంటే మాకు అమ్మమ్మలే. దెబోరా అంటే సండే స్కూల్లో పాటలు నేర్పించే టీచరు" అంది హెప్సిబా.

కావ్యశ్రీ నవ్వింది. "నయోమి బావుంది కదా? మనవాళ్లూ పలకగలరు, ఇక్కడివాళ్లూ పలకగలరు. ఉండు, నీ పేరు కొడతా." కొట్టింది. ఫోనులో ఏమీ రాలేదు. "అయ్యో, నీ పేరుకి లెక్కలే లేవే. ఇంకా చెప్పు, నీకు తెలిసినవి."

హెప్సిబా నోటికొచ్చినవి చెబుతూ పోయింది. కెజియా, జెరూషా, బ్యూలా.

"బ్యూలా... ఆ, ఇది ఉంది. చూడు." కావ్యశ్రీ ఫోను ఇటు తిప్పింది. గీత ఒకటి ఎడమవైపు కొండలా లేచి, వందేళ్ల కిందటే జారడం మొదలుపెట్టి, మధ్యలోకి వచ్చేసరికి నేలకు అంటుకుపోయింది. అక్కడి నుంచి చివరిదాకా నేల మీదే ఉంది. "ముసలమ్మల పేరట. ఇప్పుడెవరూ పెట్టడం లేదు. ఎవరిదిది?"

"మా చెల్లిది."

కావ్యశ్రీ ఫోను బోర్లా పెట్టేసింది. చెల్లెలు పోయిందని ఆమెకు తెలుసు. ఆ కబురు విని హెప్సిబా వాళ్లమ్మకు కార్గోలో బట్టలు పంపిందీ తనే. పేరు మాత్రం ఎప్పుడూ అడగలేదు.

"సారీరా" అంది.

"పర్లేదక్కా" అంది హెప్సిబా. చిక్కుడుకాయలు అయిపోయాయి. ఈనెలు చెత్తబుట్టలో వేసి, ఉల్లిపాయలు తీసుకుంది.

తొమ్మిదో నెల మొదట్లో రోహిత్ వాళ్లమ్మ మీనాక్షి వచ్చింది. సూట్‌కేసు విప్పితే ఇల్లంతా గోంగూర పచ్చడి వాసన. ఆవిడ మాటకారి, పనిమంతురాలు. వచ్చిన మర్నాటికే పొయ్యి మీద ఏ గిన్నె ఎక్కడుండాలో ఆవిడ చెప్పినట్టే నడిచింది. భోజనాల దగ్గర కావ్యశ్రీ మెల్లగా పేరు సంగతి ఎత్తింది.

"నయోమా?" మీనాక్షి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "మనూళ్లో అది చర్చి పేటలో పేరు కదే. మనవాళ్లు వింటే ఏమనుకుంటారు?" అని, అటు పప్పుగిన్నె పట్టుకుని వస్తున్న హెప్సిబాను చూసి, "నిన్ననడం లేదమ్మాయ్" అంది.

"అబ్బా, అమ్మా! అది అన్నిచోట్లా ఉంది. జపాన్‌లో కూడా పెట్టుకుంటారు" అన్నాడు రోహిత్. "హెప్సిబా, నువ్వు చెప్పు. అది బైబిల్ పేరే కానక్కర్లేదు కదా?"

ముగ్గురూ ఆమె వైపే చూస్తున్నారు. 'అవునన్నా' అంటే అయిపోయేది. హెప్సిబా గిన్నె బల్ల మీద పెట్టింది.

"జపాన్ సంగతి నాకు తెలీదన్నా. మా పెద్దమ్మ పేరు నయోమి. మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసేది. అందరూ నయోమమ్మ అనేవాళ్లు."

డ్రైవ్ త్రూలో ఆర్డరు తిరిగి చదివి వినిపించే గొంతుతో చెప్పింది. మీనాక్షి మజ్జిగ పోసుకుంది.

సాయంత్రం కావ్యశ్రీ మెట్ల రెయిలింగ్ పట్టుకుని బేస్‌మెంట్‌లోకి దిగి వచ్చి, మంచం అంచున కూలబడింది.

"కొంచెం సర్ది చెబితే పోయేది కదా. ఇప్పుడావిడ ఇంకో మాట వినరు."

"అడిగారని చెప్పానక్కా."

"మా మీద కోపమొచ్చిందా? నిజం చెప్పు."

హెప్సిబా తనలో వెతుక్కుంది. రావలసిందేనని తెలుసు. అమ్మకైతే వచ్చేది. బ్యూలాకైతే ఆ బల్ల దగ్గరే వచ్చేది, పప్పుగిన్నె అక్కడే వదిలేసి మెట్లు దిగిపోయేది.

"రాలేదక్కా" అంది.

"వస్తే బావుండేది" అంది కావ్యశ్రీ, ఆమె మోకాలి మీద చెయ్యి వేసి.

విచిత్రం, ఆ తర్వాత మీనాక్షి హెప్సిబాను మరింత దగ్గరికి తీసింది. ఆ రోజు తానన్న మాట వల్లనో, చెల్లెలి కబురు కోడలి నోట విన్నందువల్లనో. ఒకనాడు మధ్యాహ్నం ఎండిపోయిన ఆమె జుట్టు చూసి, పీట వేసి కూర్చోబెట్టి, కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి తలకు పట్టించింది. "కడుపుకోత. మీ అమ్మ ఎట్లా తట్టుకుంటుందో ఏమో. తిను, తల్లీ. ఎముకలు తేలుతున్నాయి" అంటూ వేళ్లతో నెత్తి నిమిరింది. ఆ చేతులు నిజంగానే మెత్తనివి. నూనె చెవి వెనక నుంచి మెడ మీదికి జారుతుంటే హెప్సిబా కళ్లు మూసుకుంది. నూనె వెచ్చగా ఉందని తెలిసింది, అంతవరకే.

డిసెంబరులో, రోడ్లన్నీ మంచుతో తెల్లబడిన రోజున, కావ్యశ్రీకి ఆడపిల్ల పుట్టింది. పేరు విషయంలో తల్లీకొడుకుల మధ్య ఏం మాటలు నడిచాయో హెప్సిబాకు తెలీదు. బారసాల నాడు ఇంటి నిండా చెప్పులు, బూట్లు, కోట్లు. రోహిత్ పళ్లెంలో బియ్యం పరిచి, ఉంగరంతో పేరు రాశాడు. హెప్సిబా వంటింటి గుమ్మంలోంచి తొంగి చూసింది.

నవమి.

"నవమి ఘడియల్లో పుట్టింది, అందుకని" అంటోంది మీనాక్షి వచ్చినవాళ్లతో, ముఖం విప్పార్చుకుని.

కావ్యశ్రీ నీళ్ల కోసం వంటింట్లోకి వచ్చింది. పట్టుచీరలో నీరసంగా ఉంది. "బర్త్ సర్టిఫికెట్‌లో నయోమి అనే ఉంది" అంది గొంతు తగ్గించి. "వినడానికి రెండూ దగ్గరే, ఎవరికి ఎట్లా కావాలంటే అట్లా పిలుచుకోవచ్చన్నాడు రోహిత్. ఇద్దరికీ కుదిరింది. ఏమంటావ్?"

"బావుందక్కా."

"నిజంగానా?"

హెప్సిబా గ్లాసు అందించింది.

ఆడవాళ్లు ఒక్కొక్కరే ఉయ్యాల దగ్గరికి వంగి బిడ్డ చెవిలో పేరు చెబుతున్నారు. అందరిదీ అయ్యాక కావ్యశ్రీ హాలులోంచి పిలిచింది. "హెప్సిబా, నువ్వూ రా." తడిచేతులు తుడుచుకుని వెళ్లింది. మీనాక్షి ఉయ్యాల గొలుసు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. కావ్యశ్రీ అటువైపు. ఏ పేరు చెబుతుందోనని ఇద్దరూ చూస్తున్నారని హెప్సిబాకు తెలుసు.

వంగింది. బిడ్డ చెవి ఎండిన పువ్వు రేకంత ఉంది. పాల వాసన వేసింది. నయోమి అందామనుకుంది, నవమి అందామనుకుంది. ఏదీ నాలుక మీదికి రాలేదు. కొత్తవాళ్లు కనబడితే చెప్పుకునే మాట మాత్రం వచ్చింది.

"నేను హెప్సిబాని" అంది.

బిడ్డ తుమ్మింది. అందరూ నవ్వారు. "ఏం చెప్పావేంటి?" అంది మీనాక్షి. "పేరే ఆంటీ" అని, హెప్సిబా వడ్డనకు వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే అమ్మకు ఫోను చేసింది. అక్కడ సాయంత్రం. అమ్మ బారసాల కబుర్లు అడిగింది, ఎవరెవరు వచ్చారో, ఏం వండారో. తర్వాత అసలు సంగతికి వచ్చింది.

"హెప్సీ, మన వెనక వీధి దమయంతికి ఆడపిల్ల పుట్టింది. నిన్న వచ్చి అడిగింది. బ్యూలా అని పెట్టుకోనా పిన్నీ అని."

"ఏమన్నావు?"

"వద్దన్నా. ఇప్పుడు ఆ పేర్లెవరు పెడుతున్నారే, పాతకాలం పేరు, ఏ స్వీటీ అనో పెట్టుకో అన్నా." అమ్మ గొంతు తగ్గించింది. "గోడ అవతలే ఉంటారు. పొద్దస్తమానం పిలుస్తుంటే వినపడుతుంది కదా తల్లీ."

హెప్సిబా బేస్‌మెంట్ కిటికీ వైపు చూసింది. అద్దానికి సగం దాకా మంచు పేరుకుని ఉంది. ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"పెట్టుకోనియ్యమ్మా" అంది.

"వినపడుతుందే."

"వినపడనీ. దాన్ని పిలిచేటప్పుడు ఫోను గోడ దగ్గర పెట్టు. నేనూ వింటా."

అమ్మ ఏడవడం మొదలుపెట్టింది. హెప్సిబా ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని మంచం మీద కూర్చుంది. పనికి టైమవుతోంది. అయినా పెట్టెయ్యలేదు.