బెల్ నొక్కకండి

ఆఫీసు ఫ్రిజ్ తలుపు తీస్తే చాలు, చిట్టి ముక్కు మూసుకునేది. ఎవరో తెచ్చి మరిచిపోయిన పెరుగు డబ్బా మూలన బూజు పట్టి ఉండేది. పై అరలో ఒలికిన పాలు కింది అరలోకి కారి జిగురుజిగురుగా ఎండిపోయి ఉండేవి. డబ్బాల మీద మాత్రం పేర్లు రాసిన కాగితాలు ముచ్చటగా అంటించి ఉండేవి. ఇది అకౌంట్స్ అమ్మాయిది, ఇది డిజైనర్‌ది, ఇది చిట్టిది. ఆ కాగితాలు అంటించమని చెప్పింది బావే. మధ్యాహ్నం కాకముందే ఎవరిదో ఒకరి డబ్బా తీసి సగం ఖాళీ చేసేదీ బావే. చేతిలో చెంచాతో దొరికిపోయినా సిగ్గుపడేవాడు కాదు. "పేరు రాసుంటే ఏమైంది? తాళం ఉందా?" అని మూతి తుడుచుకుంటూ వెళ్ళిపోయేవాడు.

బావ అంటే అక్క మొగుడు, ఆ కంపెనీ యజమాని. చిట్టి అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. యజమాని మరదల్ని యజమాని ఎలా పిలిస్తే జీతగాళ్ళూ అలాగే పిలిచారు. పిలుపు చిట్టి అయినా చాకిరీ మాత్రం పెద్దదే. అక్కడి యంత్రాలన్నీ ఆమె చేతి మీదుగానే నడిచేవి.

వాళ్ళది ఏపీఐ ప్లాట్‌ఫామ్ వ్యాపారం. ఒక సంస్థ దగ్గరున్న సమాచారం కావాలని ఎక్కడో ఒక ఫోను అడుగుతుంది. అడిగినవాడికి ఆ హక్కుందో లేదో చూసి, ఉంటే ఇచ్చి, లేకపోతే పొమ్మనడమే వీళ్ళ పని. చూసేది గేట్‌వే, అంటే ముందు గేటు దగ్గర కాపలా. లోపల ఆయా సంస్థల ప్రోగ్రాములు నడుస్తుంటాయి. ఏ ప్రోగ్రామును ఏ యంత్రం మీద కూర్చోబెట్టాలో చూసుకునే మేస్త్రీ పేరు కుబెర్నెటీస్. ఆ మేస్త్రీ చెప్పుచేతల్లో ఉన్న యంత్రాల గుంపు క్లస్టర్.

బావ తెలివంతా ఇక్కడే ఉంది. వచ్చిన ప్రతి సంస్థకూ "మీకోసం విడిగా ఇల్లు కట్టాం సార్" అని చెప్పేవాడు. నిజానికి అందరికీ కలిపి ఉన్నది ఒక్కటే క్లస్టర్. అందులో ఒక్కొక్కరికి ఒక్కో నేమ్‌స్పేస్, అంటే తలుపు మీద పేరున్న గది. ఆ గదికి గోడలు వాటంతట అవి రావు. ఏ గదివాళ్ళు ఏ గదివాళ్ళతో మాట్లాడొచ్చో రూలు రాసి పెడితేనే గోడ ఉన్నట్టు, లేకపోతే పేరు మాత్రమే ఉన్నట్టు. చిట్టి ఒక్కో గదికీ ఓపిగ్గా గోడ కట్టుకుంటూ వచ్చింది. ఆ పని కస్టమర్లకు కనబడదు కాబట్టి బావకు అది పనిలాగే అనిపించేది కాదు.

ఇంకో లొసుగు కూడా ఉంది. గేటు దగ్గర అన్నీ మేమే తనిఖీ చేస్తాం, మీ ప్రోగ్రాముల్లో మీరు మళ్ళీ తనిఖీ పెట్టుకోనక్కర్లేదు అని బావ అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు. వాళ్ళు నమ్మారు. దాంతో గేటు దాటి లోపలున్న ఎవడు అడిగినా ఆ ప్రోగ్రాములు నువ్వెవరని అడగకుండా జవాబు చెప్పేసేవి. లోపలున్నవాళ్ళంతా మనవాళ్ళే అన్న ధీమా అది. ఇది మార్చుకోమని వాళ్ళకు చెబుదామని చిట్టి ఎన్నోసార్లు పోరింది. కస్టమర్లను భయపెట్టకమ్మా అని బావ ప్రతిసారీ నోరు నొక్కాడు.

ఆ గదుల్లో ఒకటి ఆసరా ఇంటిది. మొగుళ్ళ దెబ్బలకు తాళలేక పిల్లల్ని చంకనేసుకుని బయటపడ్డ ఆడవాళ్ళను దాచిపెట్టే ఇల్లు అది. నడిపేది ఒక రిటైరైన నర్సు. అందరూ ఆవిణ్ణి పెద్దమ్మ అనే పిలుస్తారు. ఏ వ్యానులో ఏ మనిషిని ఎక్కడికి చేర్చాలో తమ డ్రైవర్లకు మాత్రమే తెలియాలని ఈ ప్లాట్‌ఫామ్ మీద ఒక సర్వీసు పెట్టుకున్నారు. పరీక్ష కోసం పెద్దమ్మ పంపిన మొదటి అడ్రసు చిట్టికి ఇంకా నోటికొచ్చు. పాల డిపో వెనక సందు, ఆకుపచ్చ గేటు. బెల్ నొక్కకండి, లోపలివాళ్ళు బెదురుతారు. రెండుసార్లు మెల్లగా తట్టండి. అడ్రసు రాయమంటే ఆవిడ మనసు కూడా రాసేసిందని అప్పట్లో చిట్టి నవ్వుకుంది.

ఈమధ్య బావ ఇంకో కస్టమర్‌ను పట్టుకొచ్చాడు. ఆచూకీ కంపెనీ. తప్పిపోయినవాళ్ళనూ ఇల్లు మారిపోయినవాళ్ళనూ వెతికిపెట్టడం వాళ్ళ వ్యాపారం. ఎవరు డబ్బు కడితే వాళ్ళ తరఫున వెతుకుతారు, ఎందుకని అడగరు. ఇల్లు వదిలి వెళ్ళిన భార్యల కోసం వాళ్ళ దగ్గర ఏకంగా ఒక ప్యాకేజీయే ఉంది. దాచేవాళ్ళనూ వెతికేవాళ్ళనూ ఒకే క్లస్టర్‌లో పెడతారా అని చిట్టి నిలదీసింది. వీళ్ళకోసం ఇంకో క్లస్టర్ పెడితే ఇక మిగిలేదేంటని బావ కసురుకున్నాడు. నువ్వు గోడలు కడుతున్నావుగా, ఇంకేం భయం అన్నాడు. ఆ ఒక్క మాటలో మాత్రం న్యాయం ఉందనిపించి ఆమె ఊరుకుంది.

సోమవారం పొద్దున టీ కప్పుతో సీట్లో కూర్చుని చూస్తే, ఆసరా ఇంటి సర్వీసు ఒళ్ళు హూనమయ్యేలా పనిచేస్తోంది. మామూలుగా రోజుకు ఏ నలుగురైదుగురు డ్రైవర్లో అడిగే సర్వీసు అది. ఇప్పుడు దాన్ని ఎవరో ఆగకుండా అడుగుతూనే ఉన్నారు. గేటు దగ్గర మాత్రం ఆ జాడ లేదు. అంటే అడుగుతున్నవాళ్ళు లోపలివాళ్ళే. ఏ గది నుంచని చూసింది. టీ కప్పు కింద పెట్టేసింది. ఆచూకీ కంపెనీ గది నుంచి.

అక్కడ ఏ మనిషీ కూర్చుని దొంగతనం చేయడం లేదు. వాళ్ళ ప్రోగ్రాము పనే వెతకడం. అందిన ప్రతి తలుపూ తోసి చూస్తుంది, లోపల పేరూ అడ్రసూ దొరికితే ఏరుకుంటుంది, తమ కస్టమర్లు ఇచ్చిన పేర్లతో పోల్చుకుంటుంది, కుదిరితే రిపోర్టు పంపేస్తుంది. ఈ తలుపు కూడా తోసింది. తలుపు తెరుచుకుంది. గోడలేమయ్యాయని చూస్తే ఒక్క రూలు కూడా మిగల్లేదు. ఒక్క గదికి కాదు, అన్ని గదులకూ లేదు. తీసేసింది శనివారం, తీసిన చెయ్యి బావది.

బావ గదిలో కాళ్ళు బల్ల మీద పెట్టుకుని ఎవరి డబ్బాలోదో పండ్ల ముక్కలు తింటున్నాడు. అడిగితే దాచలేదు. ఆచూకీ కంపెనీకి ప్రత్యేకంగా ఇచ్చిన రెండు గదుల మధ్య మాట కలవడం లేదని శనివారం వాళ్ళ మేనేజరు గోల చేశాడట. చిట్టి సెలవులో ఉంది. ఏ రూలు అడ్డమో వెతికే ఓపిక లేక అన్నీ తీసి పారేశాడట. వాళ్ళు సంతోషించారట. తర్వాత పెడదామనుకుని మరిచిపోయాడట. జరిగింది ఏమిటో ఆమె చెప్పేదాకా అతని నోరు ఆగలేదు. విన్నాక మాత్రం కాళ్ళు కిందికి దించాడు.

ఒక్క క్షణం అతని మొహంలో భయం చూసి చిట్టికి ఆశ పుట్టింది. ఆ భయం ఆడవాళ్ళ కోసం కాదని తర్వాతి మాటతోనే తేలిపోయింది. గోడలు ఇప్పుడే మళ్ళీ పెట్టెయ్, విషయం ఈ గది దాటకూడదు అన్నాడు. ఆచూకీవాళ్ళకు కూడా చెప్పొద్దు, ఏం దొరికిందో వాళ్ళకే తెలియదు, చెబితే పనిగట్టుకుని చూస్తారు అని తెలివిగా కన్నుగీటాడు కూడా. ఆ కన్నుగీటడం చూసి ఆమెకు ఫ్రిజ్ వాసన ముక్కుకు తగిలినట్టయింది.

"రిపోర్టులు రోజూ వెళ్తాయి బావా. శనివారానివి వెళ్ళిపోయాయి, నిన్నటివీ వెళ్ళిపోయాయి. ఆ ఇంట్లోవాళ్ళకి చెప్పాలి."

"చెప్తే మర్నాడే కస్టమర్లందరూ ఖాళీ చేసి పోతారు. కంపెనీ మూసుకోవాలి. మీ అక్క రోడ్డున పడాలి. అదేనా నీకు కావాల్సింది?"

"పేరు రాసుంటే ఏమైంది, తాళం ఉందా అనేవారు కదా. మీ తిండి బుద్ధే మీ వ్యాపారానికీ పట్టింది" అంది చిట్టి. ఆమె గొంతు పెద్దదేమీ కాలేదు గానీ, అసహ్యంతో నోరంతా చేదెక్కింది. బయటికొచ్చి ముందు గోడలన్నీ తిరిగి కట్టింది. దొంగలు పడ్డ ఇంటికి గొళ్ళెం వేస్తున్నట్టుంది ఆ పని.

అది పూర్తికాకముందే అక్క ఫోను చేసింది. బావ అప్పుడే చెప్పేశాడన్నమాట. అక్క అరవలేదు, ఏడ్చింది. అక్క ఏడిస్తే చిన్నప్పటినుంచీ చిట్టి దేనికైనా ఒప్పేసుకునేది. ఆయన మంచి ఉద్దేశంతోనే చేశాడంది. ఇంటి కంతులంది, పిల్లల చదువులంది. ఆఖర్న గొంతు తగ్గించి, "అయినా మొగుణ్ణి వదిలి పారిపోయినవాళ్ళ కోసం మన సంసారం కూల్చుకుంటామా చిట్టీ?" అంది. బావ మాటలకు రోత పుట్టింది. ఈ మాటకు రోతతోపాటు దుఃఖం కూడా వచ్చింది, ఎందుకంటే ఇది తనకు జడలు వేసిన మనిషి మాట. చిట్టి ఫోను పెట్టేసింది. ఆ వేలితోనే పెద్దమ్మ నంబరు నొక్కింది.

పెద్దమ్మ మొత్తం విని తిట్టలేదు. శనివారం నుంచా అని అడిగింది. అవునంది చిట్టి. వ్యాను ఒక్కటే ఉంది, రెండు మూడు విడతలవుతుంది, సామాను సర్దడానికి ఒక మనిషి సాయం కావాలి, వస్తావా అంది. చిట్టి బ్యాగు తీసుకుని లేచింది. బావ గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఇప్పుడు వెళ్తే మళ్ళీ ఈ మెట్లెక్కక్కర్లేదన్నాడు. ఆమె అతన్ని తప్పించుకుని దిగిపోయింది. అతనికి తగలకుండా గోడకు ఒత్తుకుని మరీ దిగింది.

పాల డిపో వెనక సందు ఇరుకుగా ఉంది. వ్యాను డిపో దగ్గరే ఆగాలి. ఆకుపచ్చ గేటు వెనక చిన్న డాబా ఇల్లు. చిట్టి వెళ్ళేసరికి మొదటి విడత వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు ప్రశ్నలు వేయడం లేదు, గిన్నెలు చప్పుడు కాకుండా గుడ్డల్లో చుడుతున్నారు. ఇలా ఉన్నపళంగా లేచిపోవడం వాళ్ళకు అలవాటేనని చూస్తే తెలుస్తోంది. అలవాటైన పని కదా అన్నంత నేర్పుగా సర్దుతుంటే చిట్టికి తలెత్తి చూడ్డానికి మొహం చెల్లలేదు. వంటింట్లో ఫ్రిజ్ ఖాళీ చేయమని పెద్దమ్మ పురమాయించింది. అద్దంలా ఉంది ఫ్రిజ్. ఒక్క డబ్బా మీదా పేరు లేదు. ఆ ఇంట్లో ఎవరి పేరూ ఎక్కడా రాయనివ్వదు పెద్దమ్మ. ఎవరూ ఎవరి డబ్బా ముట్టుకోలేదట కూడా.

సాయంత్రానికి ఇల్లంతా ఖాళీ అయింది. చంటిబిడ్డతో ఒక పడుచుపిల్ల మాత్రం మిగిలింది. ఆ పిల్ల దవడ మీద మానిన గాటు ఒకటుంది. వ్యాను తిరిగి వస్తే ముగ్గురూ కలిసి వెళ్ళిపోవడమే. బిడ్డ నిద్రపోతోంది. పెద్దమ్మ తాళాల గుత్తి పట్టుకుని హాల్లో నిలబడింది. చిట్టి వంటింటి కిటికీ మూయబోతూ బయటికి చూసింది.

గేటు తీసుకుని ఒక మగమనిషి లోపలికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చక్కగా దువ్విన తల, ఒక చేతిలో ఫోను. కొరియరు మనిషో, పక్కింటి బంధువో అనుకునేలా ఉన్నాడు. తలుపు పక్కనే గోడకు బెల్ ఉంది. చెయ్యెత్తాడు. వేలు బెల్ దాకా వెళ్ళి ఆగింది. ఫోను ఇంకోసారి చూసుకున్నాడు. వేలు వెనక్కి తీసుకుని, పిడికిలి మడిచి, తలుపు మీద రెండుసార్లు మెల్లగా తట్టాడు.

"వ్యాను వచ్చేసింది" అని పెద్దమ్మ నిశ్చింతగా గడియ మీద చెయ్యి వేసింది. అలా తట్టేది తనవాళ్ళేనని ఇన్నేళ్ళ నమ్మకం ఆవిడది. చిట్టి పరుగున వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"తియ్యకండి పెద్దమ్మా. అతనికి అలా తట్టమని చెప్పింది మేమే."

పెద్దమ్మ ఆమె మొహంలోకి చూసింది. చెయ్యి గడియ మీంచి జారింది. బయటినుంచి మర్యాదగా, ఎవరైనా ఉన్నారా అండీ అని వినబడింది. ఆ గొంతు వినగానే పడుచుపిల్ల బిడ్డ నోటి మీద అరచెయ్యి ఆనించింది, బిడ్డ ఏడవకముందే.

వెనక తలుపులోంచి బయటపడి, డిపో పాలక్యాన్ల మధ్యనుంచి ముగ్గురూ నడిచారు. పరుగెత్తితే బిడ్డ లేస్తుంది. పెద్దమ్మ పడుచుపిల్ల భుజం చుట్టూ చెయ్యేసి ముందు నడుస్తోంది. వెనక చిట్టి, తన ఒళ్ళు తనకే మురికిగా తోస్తుంటే, ఆ బిడ్డ గుడ్డల మూట రెండు చేతులా గుండెకు హత్తుకుని నడిచింది. సందు మలుపు తిరిగేదాకా అతను తడుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. రెండేసిసార్లు, మెల్లగా. బెల్ మాత్రం ఒక్కసారి కూడా మోగలేదు.