రేడియో బెంటుమ్‌కి ఇవాళ్టి పాఠం

అధ్యక్ష ఎన్నికలకి ఇంకా మూడు వారాలుందనగా ఎసాబాకి రేడియో పేరెత్తితేనే ఒళ్ళు మండటం మొదలైంది. సెకొండి రేవు ఊళ్ళో తెల్లారితే కోళ్ళకంటే ముందు పార్టీలు కూస్తున్నాయి. పడవ గుర్తు వాళ్ళు లాంతరు గుర్తు వాళ్ళని దొంగలంటారు. లాంతరు వాళ్ళు పడవ వాళ్ళని గజదొంగలంటారు. మధ్యలో క్వాన్సా అనే రేడియో పెద్దమనిషి ఒకడు, "మర్యాద, మర్యాద" అంటూనే ఎవరు ఎక్కువ తిడితే వాళ్ళకి ఇంకాస్త సమయం ఇస్తాడు. ఆస్పత్రికి మందులెప్పుడొస్తాయని ఎవడైనా అడిగితే మాత్రం, ఎందుకోగాని, వాడి ఫోను మధ్యలోనే తెగిపోతుంది.

ఆ తిట్లలో సగం తన కొట్టు వెనకనుంచే పోతుండటం ఎసాబా ఖర్మ. ఆమె భర్త కొబినా బెంటుమ్ పడవ పార్టీకి రేడియో మనిషి. పగలంతా చేపల పడవల ఇంజన్లు బాగుచేస్తాడు గాని అది ఎవరికీ గుర్తుండదు. పొద్దున్నే స్టేషనుకి ఫోన్ చేసి, అవతలి పార్టీని ఉతికి ఆరేస్తాడని మాత్రం ఊరంతటికీ తెలుసు. అందుకే రేడియో బెంటుమ్ అన్నారు. ఎసాబా కెంకే, అంటే పులిసిన మొక్కజొన్న పిండి ముద్దలు, ఉడికించి అమ్మే కొట్టు వెనక బొగ్గుల బస్తాల మధ్య నిలబడి, ఒక చెవి మూసుకుని, ఎదురుగా దేశాధ్యక్షుడు కూర్చున్నట్టు చేతులూపుతూ మాట్లాడతాడు. ఏం మాట్లాడాలో అతను బుర్ర బద్దలుకొట్టుకోనక్కర్లేదు. పార్టీ సెక్రటరీ అమిసా ముందురోజే ఫోన్లోకి పంపించేస్తాడు. ఇవాళ అవతలివాళ్ళ అవినీతి, రేపు వాళ్ళ అబద్ధాలు, ఎల్లుండి వాళ్ళ అభ్యర్థి వేసుకున్న చెప్పులు. దాన్ని వాళ్ళు 'పాఠం' అంటారు. బెంటుమ్ ఏనాడూ పాఠం తప్పలేదు.

ఎసాబా కూడా పడవ మనిషే. పుట్టుకతోనే అంత. వాళ్ళ నాన్నని పార్టీ రంగు గుడ్డ కప్పి మరీ పాతిపెట్టారు. బ్యాలెట్ మీద ఆమె బొటనవేలు ఎప్పుడూ పడవ పక్కనే పడింది, ఇంకోచోట పడొచ్చని కూడా ఆమెకి తట్టలేదు. అయినా ఈసారి ఆమెకి విసుగొచ్చింది. గుర్తు మీద కాదు, ఈ నోళ్ళ మీద.

మొగుడి నోటిని ఆమె ఇన్నేళ్ళు ఎందుకు భరించిందో చెప్పాలి. ఎసాబాకి పిల్లల్లేరు. మొక్కాల్సిన మొక్కులూ మింగాల్సిన మందులూ అయిపోయాక, ఒక సాయంత్రం అత్తగారు వచ్చి కొడుకుని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "గొడ్రాలితో ఎన్నాళ్ళురా ఈ కాపురం? ఇంకొకర్ని తెచ్చుకో," అంది. ఎసాబా పక్కగదిలోనే ఉంది. రేడియోలో అంత గొంతు చించుకునే మనిషి ఆ రోజు అసలు గొంతే పెంచలేదు. "అమ్మా, ఆ మాట నా ఇంట్లో ఇంకోసారి వినబడకూడదు," అన్నాడు. ముసలావిడ అలిగి వెళ్ళిపోయింది. చాలాకాలానికి తిరిగొచ్చింది గాని ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. సంతలో ఆ మాట ఉంది, చర్చి మెట్ల మీద ఉంది, కుళాయి దగ్గర ఉంది. ఎసాబా ఇంట్లో మాత్రం లేదు. అతని నోటిదురుసూ, పార్టీ పిచ్చీ, పొద్దున్నే లేపే ఆ ఫోనూ అన్నీ ఆమె సర్దుకుపోయింది దానికోసమే.

ఆ శుక్రవారం పొద్దున బెంటుమ్ ఎన్నడూ లేనిది చేపల గురించి మాట్లాడాడు.

"ఎసాబా, ఇవాళ రేవుకి నువ్వే వెళ్ళిరాకూడదూ? కానాగడతలు బాగా పడ్డాయంట."

"నీకెవరు చెప్పారు?"

"అనుకుంటున్నారు."

"రోజూ ఎకుయా పిన్ని కొట్టు దగ్గరికే తెచ్చి ఇస్తుందిగా."

"ఆవిడ మంచివి తనకి ఉంచుకుని మిగిలినవి మనకి తెస్తుంది. నువ్వెళ్ళి ఏరుకో. కెంకే కుండ నేను చూసుకుంటాలే, పో."

కుండ చూసుకుంటానన్న మనిషికి ఆ కుండ మీద మూత ఎటు తిరిగుంటుందో కూడా తెలియదు. అయినా ఎసాబా వెళ్ళింది. మొగుడికి ఒక్కరోజైనా ఇంటి ధ్యాస పుట్టిందనుకుని కాస్త సంతోషంగానే వెళ్ళింది. పాపం, ఆమెని రేడియోకి దూరంగా పంపాలనుకున్న ఆ మహానుభావుడికి, రేవులో చేపల కంటే రేడియోలే ఎక్కువుంటాయన్న సంగతి తట్టలేదు.

ఎకుయా పిన్ని గంపలో చెయ్యిపెట్టి ఎసాబా చేపల మొప్పలు ఎత్తి చూస్తుండగా, పక్క గంప మీది రేడియోలో, దాని పక్కదాంట్లో, అవతల పడవలో వేలాడేదాంట్లో, అన్నిట్లోంచీ ఒకేసారి బెంటుమ్ గొంతు వచ్చింది. లాంతరు పార్టీ తరఫున అధ్యక్ష పదవికి నిలబడ్డ ప్రొఫెసర్ అవొత్వి మేడమ్ గురించి ఆ రోజు పాఠం.

"క్వాన్సా, దేశం నడపడమంటే పుస్తకాలు చదవడం కాదయ్యా. బిడ్డకి జ్వరమొస్తే తల్లి కళ్ళలో వత్తులేసుకుని కూర్చుంటుంది. ఒక్క బిడ్డని కని ఎత్తుకోని మనిషికి ఆ బాధేం తెలుసు? నేనడుగుతున్నా, దేశమంతా వినండి. గొడ్రాలి చేతిలో పెడతామా ఈ దేశాన్ని?"

రేవులో చేపల ఆడవాళ్ళు మాట్లాడటం ఆపేశారు. అది జరిగే పని కాదు, కాని జరిగింది. ఎసాబా చేతిలో చేప అలాగే ఉంది.

మరుక్షణం రేడియోలో ఇంకో గొంతు. టైటస్‌ది. టైర్లకి పంచర్లు వేసే టైటస్ లాంతరు పార్టీకి రేడియో మనిషి. పొద్దున రేడియోలో బెంటుమ్‌తో కత్తులు దూసి, తరువాత ఎసాబా కొట్టులో అదే బెంటుమ్‌తో ఒకే పళ్ళెంలో చేపల పచ్చడి నంజుకుని తింటాడు.

"బెంటుమన్నా, బాగా చెప్పావు. మరి నీ ఇంటి దండెం మీద ఎన్ని చంటిపిల్లల గుడ్డలు ఆరుతున్నాయో అది కూడా చెప్పు, విని సంతోషిస్తాం. నీ ఇల్లెవరు నడుపుతున్నారన్నా?"

క్వాన్సా పగలబడి నవ్వాడు. "మర్యాద, మర్యాద," అని, పాలడబ్బా ప్రకటన వేశాడు.

రేవు ఒక్కసారిగా రెండయింది. లాంతరు వైపు ఆడవాళ్ళు, "చూశావా ఎసాబా, నీ మొగుడి నోరు!" అన్నారు. పడవ వైపు వాళ్ళు, "ఆయనన్నది ఆ ప్రొఫెసరమ్మని. ఇంట్లో ఆడదాన్ని లాగింది మీ టైటస్!" అన్నారు. "లాగేలా మాట్లాడిందెవరు?" "మీ మేడమ్‌కి లేకపోతే లేరనరా మరి?" అలా ఆమె నెత్తి మీంచే చేతులూపుకుంటూ ఒకళ్ళ మీదికి ఒకళ్ళు వెళ్ళారు. ఎకుయా పిన్ని తన గంప వదిలేసి దెబ్బలాటకి పోయింది. ఇంతమంది ఆమె కోసం కొట్టుకుంటున్నారు, ఒక్కళ్ళు కూడా ఆమె మొహం చూడలేదు. ఎసాబా చేపలు తానే బుట్టలో వేసుకుని, ఆ అరుపుల మధ్యనుంచి దారి చేసుకుని బయటపడింది.

కొట్టుకి వచ్చేసరికి కుండ అడుగంటింది. బెంటుమ్, టైటస్ ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఆమెని చూడగానే ఇద్దరూ ఒకేసారి లేచారు.

"వదినా," అన్నాడు టైటస్, టోపీ తీసి నలుపుతూ, "నీ మీద ఒట్టు, నిన్నననలేదు. అన్నయ్యనన్నాను. ఆ వేడిలో ఏదో వచ్చేసింది. నీ చేతి తిండి తిని నిన్నంటానా?"

"అన్నాడు! దేశమంతా విన్నాక అనలేదంటాడు!" అని బెంటుమ్ ఎగిరాడు. "నా ఇంటి సంగతి వీడికెందుకు? నా భార్య జోలికొస్తే ఊరుకుంటానా?"

"నువ్వెత్తకపోతే నేనెందుకంటానన్నా?"

"నేనెత్తింది మీ అభ్యర్థి సంగతి! ఎసాబా పేరు నేనెత్తానా?"

ఎసాబా బుట్ట కింద పెట్టింది. అడుగంటిన కుండ దించింది. చేతికి వేడి తగిలితే ఇంకా చిర్రెత్తింది.

"ఇద్దరూ కాస్త నోళ్ళు మూస్తారా," అంది. "బెంటుమ్, ఆ మాట నీ నోట ఎలా వచ్చింది?"

"అది నా మాట కాదే. పార్టీ పంపిన పాఠం. అమిసా పంపాడు, నేను చదివాను. ఇంజన్లో నూనె పోసినట్టే, పైనుంచి పోస్తారు, కిందనుంచి నడుస్తుంది. అందులో నాదేముంది?"

"నాదేముందంటావు. మరి నన్ను రేవుకెందుకు పంపావు?"

బెంటుమ్ టైటస్ వైపు చూశాడు. టైటస్ టోపీ వైపు చూశాడు.

"నాకొద్దనిపించింది ఎసాబా," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "రాత్రి అమిసాకి చెప్పాను కూడా, గొంతు నొప్పన్నాను. ఏం బెంటుమ్, గట్టు మారుతున్నావా అన్నాడు. ఇన్నేళ్ళ మనిషిని, నన్నా మాట! ఇంక ఏం చెయ్యను?"

అతని మొహం చూస్తే ఆమెకి కోపంతో పాటు జాలీ వేసింది, జాలి వేసినందుకు మళ్ళీ కోపమొచ్చింది. ఇంకేదో అనబోయేంతలో కొట్టు ముందు పార్టీ కారు ఆగింది. సెక్రటరీ అమిసా దిగాడు, చేతిలో కొత్త పార్టీ చొక్కా, చెవి దగ్గర ఫోను, మొహం నిండా పెళ్ళివారి సందడి.

"అక్కా! ఎంత ఘోరం, ఎంత ఘోరం! పార్టీ పార్టీయంతా నీ వెనకుంది. టైటస్, నువ్విక్కడేం చేస్తున్నావురా? సరే ఉండు, ముద్దాయి కూడా ఇక్కడే ఉన్నాడన్నమాట. అక్కా, ఇది వేసుకో. క్వాన్సాతో మాట్లాడాను, ప్రత్యేక కార్యక్రమం పెడుతున్నాడు, లైను కలిపే ఉంది. నువ్వేం పెద్దగా చెప్పక్కర్లేదు. లాంతరు పార్టీ పిల్లల్లేని ఆడవాళ్ళందర్నీ అవమానించిందని చెప్పు చాలు. కాస్త ఏడుపొస్తే మరీ మంచిది."

"పిల్లల్లేని ఆడవాళ్ళందర్నీనా?" అంది ఎసాబా.

"అందర్నీ!"

"అవొత్వి మేడమ్ కూడా అందులో ఉందా?"

అమిసా చేతిలో చొక్కా మడత విప్పాడు. "ఆవిడ వేరు అక్కా. ఆవిడ పోటీలో ఉంది."

ఎసాబా అతన్ని పైనుంచి కిందదాకా చూసింది. నిన్న ఆ మాట రాసి పంపినవాడే, ఇవాళ అదే మాటకి ఏడవమని చొక్కా తెచ్చాడు. వీడికి బుద్ధి చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో కూడా ఆమెకి తోచలేదు. తన పార్టీ. నాన్నకి కప్పిన గుడ్డ రంగే ఈ చొక్కాకీ ఉంది.

ఫోనులో క్వాన్సా గొంతు వినబడుతోంది. "హలో, లైనులో ఉన్నారా? మీ దగ్గర రేడియో ఉంటే తగ్గించండి, ప్రతిధ్వని వస్తోంది."

ఎసాబా అమిసా చేతిలోంచి ఫోను తీసుకుంది. చొక్కా తీసుకోలేదు. ఫోను భర్త చేతిలో పెట్టింది.

"నాకు మాట్లాడటం రాదు. నువ్వే మాట్లాడు," అంది మెల్లిగా. "ఒక్కటే చెప్పు. ఆ మాట ముందెవరన్నారో చెప్పు. అంతకంటే నాకింకేం వద్దు బెంటుమ్. పార్టీ కావాలంటే నువ్వుంచుకో."

బెంటుమ్ ఫోను చెవికి పెట్టుకున్నాడు. చుట్టుపక్కల కొట్లవాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారు. అతను ఒక్కసారి కళ్ళు మూసుకున్నాడు. నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. చెబుతాడనే అనిపించింది. టైటస్‌కి కూడా అలాగే అనిపించి, ఒకడుగు ముందుకు వేశాడు.

"క్వాన్సా, నేను రేడియో బెంటుమ్‌ని," అన్నాడు. గొంతు వణికింది. "ఇవాళ పొద్దున... ఇవాళ పొద్దున రేడియోలో ఒక తప్పు జరిగింది."

"చెప్పన్నా, దేశం వింటోంది."

దేశం వింటోందనేసరికి ఏమైందో, అతని వెన్ను నిటారుగా అయింది. ఒక చెయ్యి దానంతటదే రెండో చెవి మూసింది. గొంతులో వణుకు పోయి, రోజూ బొగ్గుల బస్తాల మధ్య పలికే గొంతు పలికింది.

"పార్టీ మనిషిగా కాదు, ఒక మొగుడిగా మాట్లాడుతున్నా. లాంతరు వాళ్ళు ఇవాళ నా ఇల్లాలి మీద పడ్డారు. నేనొప్పుకుంటున్నా, దాపరికమేం లేదు, నా ఎసాబా గొడ్రాలే! అయితే ఏమిటంట? బంగారంలాంటి మనిషి! అలాంటి ఆడదాని కంట నీళ్ళు పెట్టించిన పార్టీకి ఓటేస్తారా? తల్లులారా, అక్కలారా, ఆలోచించండి!"

అమిసా చప్పట్లు కొట్టాడు. కారులోంచి పార్టీ పాట మోగింది. పక్క కొట్టువాళ్ళు కూడా కొందరు ఈలవేశారు. టైటస్ మాత్రం టోపీ తలమీద పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా పక్కకి తప్పుకున్నాడు.

బెంటుమ్ ఫోను దించి, చెమట తుడుచుకుని, భార్య వైపు తిరిగాడు. నిజంగానే అతని కళ్ళు చెమర్చాయి.

"చూశావా, నీ తరఫున ఎలా నిలబడ్డానో?" అన్నాడు.

ఎసాబా లోపలికెళ్ళి, మంట ఆర్పి, మేకుకి తగిలించిన బట్ట తీసి నడుముకి చుట్టుకుంది. చేపల బుట్ట చంకలో పెట్టుకుని బయటికొచ్చింది.

"ఎక్కడికి?" అన్నాడు బెంటుమ్.

"మీ అమ్మ దగ్గరికి."

"మా అమ్మ దగ్గరికా? ఎందుకు?"

"ఆవిడ ఆ మాట ఒక్కసారే అంది," అంది ఎసాబా. "అదీ తలుపేసుకుని."

ఆమె రోడ్డు దాటి వెళ్ళిపోయింది. బెంటుమ్ వెనకనుంచి ఏదో అందామని నోరు తెరిచాడు. దీనికి ఏం చెప్పాలో ఎవరూ పాఠం పంపలేదు.