వాగుమట్టి దొంగలు

ఆ ఆదివారం మున్సిపల్ కమిషనరు మా వాగుకొచ్చాడు. కొత్త చేతితొడుగులు తొడుక్కున్నాడు. ఎవరో బురదలోంచి తీసిపెట్టిన ప్లాస్టిక్ సంచిని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని ఫోటో దిగాడు. తర్వాత ఆ తొడుగులు విప్పి వాగులోనే పడేశాడు. ఆర్నెల్లుగా మోకాళ్ల లోతు బురదలో దిగి పూడిక తీస్తున్న అరవై మందిమి నిలబడి చూశాం. కుట్టుపని వాళ్లు, బస్సు డ్రైవర్లు, ఒక నర్సు, ఒక గుమాస్తా, కాలేజీ పిల్లలు, అన్ని రకాల వాళ్లం. పైగా ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. థూ, మన బతుకులకి అదే కదా రోగం!

ఆయన వెంట వచ్చిన కంట్రాక్టరు మాత్రం నీళ్ల వంక చూడనే లేదు. మా గట్టునే చూస్తూ నిలబడ్డాడు.

ఆ గట్టు నా ఘనకార్యం. నేను తాపీ మేస్త్రీని. తీసిన మట్టిని పాత ఒడ్డు దాటించడం దూరమని అందరూ వాగులోనే ఒక వారగా కుప్పలు పోస్తుంటే, ఆ వంకరటింకర కుప్పలు చూసి నా చెయ్యి ఊరుకోలేదు. నూలుతాడు కట్టాను, రసమట్టం పెట్టాను, నడుమెత్తు గోడలా తీర్చాను. మేస్త్రీ పనితనమే వేరని నలుగురూ అంటే ఉబ్బి తబ్బిబ్బయ్యాను.

వారం తిరక్కుండా నా గట్టు మీద హద్దురాళ్లు లేచాయి. వాగు ఇక్కడితో సరి, వెనకున్నదంతా ఖాళీ స్థలం అని కమిషనరు ఆఫీసులో కాగితం పుట్టింది. అక్కడ కంట్రాక్టరు దుకాణాలు కడతాడట. సగానికి సగం ఇరుకైన వాగు వానాకాలంలో ఎటు పొంగుతుంది? ఎదుటి పల్లపు వీధిలోకే. ఆ వీధిలో మొదటి గది ఇస్త్రీ అక్కది. ఆమె అత్త మంచాన పడి ఉంది, లేవలేదు.

ఆ గది ముందే మీటింగు పెట్టుకున్నాం.

"వినతిపత్రం ఇద్దాం," అన్నాడు గుమాస్తా.

"పోయినేడు ఇచ్చిన దాని మీద టీ గ్లాసులు పెట్టుకున్నారు బాబూ," అంది ఇస్త్రీ అక్క. నా వైపు తిరిగింది. "ఏం మేస్త్రీ, నీళ్లొస్తే మా అత్తని ఎక్కడ పడుకోబెట్టను? నీ గట్టు మీదా?"

నాకు తల కొట్టేసినట్టయింది. "నేను కట్టిందేగా, నేనే పడగొడతాను."

"అబ్బో, ఒక్కడివే కట్టావా? తట్టలు మోసి మా నడుములు పోలేదూ?" అని ఎగిరిపడింది నర్సు. "అప్పుడు బద్ధకించాం. ఇప్పుడు ఒడ్డు దాటించి పోసేద్దాం, అందరం."

తెల్లారగానే బారులు తీరాం. తట్ట చేతులు మారుతోంది, గట్టు కరుగుతోంది. గంట గడిచేసరికి కంట్రాక్టరు పోలీసులను వెంటేసుకుని దిగాడు. ప్రభుత్వ మట్టి దొంగిలిస్తున్నామట! వాగు మొత్తం మింగుతున్నవాడు ఫిర్యాదుదారు, తట్టెడు బురద మోసేవాళ్లు దొంగలు.

"ఎవర్రా మీ నాయకుడు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నాయకులు ఫోటో దిగి వెళ్లిపోయారండీ. మేం మోసేవాళ్లం," అంది అక్క.

ఆ మాటకి ఆమెనే జీపెక్కించారు. "అత్తకి మందెయ్యండే!" అని కేకేసింది. నర్సు పరుగున వెళ్లింది.

నాకు ఒళ్లు మండిపోయింది. జీపుకి అడ్డం నిలబడ్డాను.

"దొంగని తీసుకెళ్తున్నారు, మరి దొంగసొత్తు ఎవరు తెస్తారండీ?"

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత గుమాస్తా, వినతిపత్రాల గుమాస్తా, తట్ట నెత్తినెత్తుకుని స్టేషను వైపు నడిచాడు. వెనకాల అరవై మందిమి. దారిలో వంద దాటాం. స్టేషను మెట్ల మీద పోశాం, వరండాలో పోశాం. వాళ్ల మోటారు సైకిళ్ల చక్రాలు కూరుకుపోయాయి. ఊరందరి మురికినీ ఏళ్ల తరబడి మింగిన మట్టి అది. ఆ కంపుకి కేసులు రాసే రైటరు ఫైళ్లు వదిలేసి బయటికి పారిపోయాడు. మాకా కంపు ఆర్నెల్ల నేస్తం.

మిట్టమధ్యాహ్నానికి ఇన్‌స్పెక్టరు ముక్కుకి రుమాలు కట్టుకుని అరిచాడు. "ఆపండ్రా! కేసూ లేదు, ఏమీ లేదు! అమ్మా, లేచి ఇంటికి పో!"

ఇస్త్రీ అక్క బెంచీ మీంచి కదల్లేదు.

"అదేంటి సారూ, దొంగనని తమరేగా రాశారు? సగం గట్టు ఇంకా రావాలి. వాకిట్లోంచి జరగండి, మావాళ్లు మోసుకొస్తున్నారు."