మోటారు ఇటు, కరెంటు అటు

మా ఊళ్ళోకి రావాలన్నా, ఊళ్ళోంచి పోవాలన్నా రైలుకట్ట కింద ఉన్న ఆ బొక్కలోంచి దూరాల్సిందే. అందరూ అండర్‌పాస్ అంటారు. నేనైతే నుయ్యి అంటాను. నడికుడి జంక్షన్‌కి ఇవతల ఒకప్పుడు మాకు రైల్వే గేటు ఉండేది. దాన్ని తీసేసి ఇది తవ్వారు. గట్టి వాన ఒక్కటి పడితే చాలు, మనిషి మునిగేన్ని నీళ్ళు చేరతాయి. ఊరి వెనక వాగు కూడా అదే వానకు పొంగుతుంది. ఇక మేం ఎక్కడికీ పోలేం.

రైల్వేవాళ్ళను అడిగితే కట్ట మాది, కింద రోడ్డు మీ రాష్ట్రానిది, నీళ్ళు వాళ్ళే తోడుకోవాలి అన్నారు. రోడ్ల ఆఫీసుకు పోతే, తవ్వింది కేంద్రం, వాళ్ళ స్థలంలో మేం పార కూడా పెట్టకూడదు అన్నారు. మా అమ్మాయి యశస్విని పుస్తకంలో చదివి చెప్పింది, రైళ్ళు కేంద్రం కిందికి వస్తాయట, నీళ్ళు రాష్ట్రం కిందికట, కరెంటు ఇద్దరిదీనట. మరి ఆ నీళ్ళలో నిలబడ్డ మనిషి ఎవరి కిందికి వస్తాడే అని అడిగాను. అది నవ్వింది.

అయినా ఎక్కడో ఉన్న ప్రభుత్వాలను అనేం లాభం? నా ఇంట్లోనే రెండున్నాయి. మా ఆయన ఎంపీ మనిషి. ఆయన అన్న, మా బావగారు బ్రహ్మయ్య, ఎమ్మెల్యే మనిషి. పార్టీలు వేరు. ఒకే గోడకు అటూ ఇటూ కాపురాలు, ఎన్నికలప్పటి నుంచి మాటల్లేవు. మా ఆయన ఎంపీ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి, రైల్వేచేత అండర్‌పాస్ పక్కన నీళ్ళు తోడే మోటారు పెట్టించాడు. దానికి దండేసి, కొబ్బరికాయ కొట్టి, ఫోటో దిగాడు. మోటారుకు కరెంటు కావాలి కదా. కరెంటాఫీసు రాష్ట్రం చేతిలో ఉంది. బావగారు ఎమ్మెల్యేకు చెప్పి రోడ్డు అవతలి అంచున స్తంభం పాతించి, లైను అక్కడిదాకా తెప్పించి ఆపేశాడు. ఆయనా దండేసి కొబ్బరికాయ కొట్టాడు. తీగ కలిపితే పేరు తమ్ముడికి పోతుందని ఆయన, నోరు తెరిచి కరెంటు అడిగితే పేరు అన్నకు పోతుందని ఈయన. మధ్యలో ఉన్నది రోడ్డు వెడల్పే. రెండు వానాకాలాలు అలాగే పోయాయి. ఇద్దరి దగ్గరా నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆడదానివి, నీకు రాజకీయం తెలియదన్నారు. ఆ ఒక్క మాట మీద మాత్రం అన్నదమ్ములిద్దరూ కలిశారు.

యశస్వినికి డాక్టరు కావాలని ఉంది. నీట్ పరీక్ష కోసం పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ రాకుండా చదివింది. సంవత్సరానికి ఒక్కసారే పెట్టే పరీక్ష. సెంటరు నరసరావుపేటలో పడింది. మధ్యాహ్నం ఒకటిన్నరకు గేటు మూస్తారు, ఆ తర్వాత ఎంత ఏడ్చినా లోపలికి రానివ్వరు. మే నెల ఎండల్లో వాన సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఆ తెల్లవారుజామున కుండపోతగా కురిసింది.

పొద్దున్నే బయల్దేరి అండర్‌పాస్ దగ్గరికి వెళితే నీళ్ళు పైకప్పుకు తగులుతున్నాయి. పోనీ కట్ట ఎక్కి పట్టాలు దాటి, అవతల ఏదో ఒక బండి పట్టుకుందామంటే పైన సిమెంటు గూడ్సు ఆగి ఉంది. జంక్షన్‌లో లైను ఖాళీ లేదట. దాని కొసలు రెండు వైపులా కంటికి ఆనలేదు. చుట్టి పోదామంటే ఒక పక్క వాగు పొంగి ఉంది, ఇంకో పక్క జంక్షన్‌దాకా బండ్లే. కాసేపట్లో కదులుతుందిలే అనుకున్నాం. కదల్లేదు. పొద్దెక్కేకొద్దీ యశస్విని చూపు పెట్టెల కింది సందు మీదికే పోతోంది. నేను దాని మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. పోయినేడు మా వీధిలో సారమ్మ కొడుకు అలాగే దూరితే బండి కదిలి కాలు పోయింది.

"వదలమ్మా, గబుక్కున దూరిపోతా. ఇది తప్పితే ఏడాది పోద్ది" అంది.

"కాలు పోతే ఏడాదికి తిరిగొచ్చిద్దా? వదలను" అన్నాను.

ఊరు ఊరంతా పోగయింది. బావగారూ వచ్చాడు. యశస్విని ఆయన భుజాల మీద పెరిగిన పిల్ల. దాని మొహం చూసి ఆయన గబగబా వెనక్కి తిరిగాడు. ఇంటికి పోయి తీగచుట్ట, వెదురుగడ తెచ్చి స్తంభం మీది లైనుకు తన చేత్తోనే కొక్కేలు తగిలించాడు. తీగ రెండో కొస మా ఆయన అందుకుని మోటారుకు కలిపాడు. అన్నదమ్ములు ఒకే తీగ పట్టుకుని నిలబడటం ఎన్నాళ్ళకో చూశాను. ఇంకా టైముంది, నీళ్ళు తగ్గితే ఆటో పోతుంది. నా ప్రాణం కాస్త కుదుటపడింది.

స్విచ్చి వేశారు. మోటారు ఒక్కసారి మూలిగింది. కాలిన వాసన వచ్చింది, అంతే, ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఒక్కసారైనా తిప్పకుండా వానకు వదిలేస్తే మోటారు బిగుసుకుపోతుందని, పుట్టినప్పటి నుంచీ పొలాల్లో మోటార్లు నడిపిన ఈ ఇద్దరికీ ఎవరు చెప్పాలి? విప్పారు, తట్టారు, చేతులు నల్లగా చేసుకున్నారు. దండ తాలూకు దారం ఇంకా దాని మీదే వేలాడుతోంది.

గూడ్సు మధ్యాహ్నం రెండింటికి కదిలింది. అప్పటికి పరీక్ష సెంటరు గేటు మూసేసి ఉంటారు. నేను అప్పుడు యశస్విని చెయ్యి వదిలాను. మణికట్టు మీద నా వేళ్ళ అచ్చులు ఎర్రగా ఉన్నాయి.

సాయంత్రం గోడ అవతల బావగారు ఫోన్లో మాట్లాడుతున్నాడు. కేంద్రంవాళ్ళు అంటగట్టింది నాసిరకం మోటారని ఎమ్మెల్యేకు చెబుతున్నాడు. ఇవతల వసారాలో మా ఆయనా ఫోన్లోనే ఉన్నాడు. రాష్ట్రంవాళ్ళ లో-వోల్టేజి కరెంటుకు మోటారు కాలిపోయిందని ఎంపీకి చెబుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. యశస్విని గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడి రెండు మాటలూ వింది.

"అమ్మా, పొద్దున నన్నెందుకు పట్టుకున్నావు?" అంది.

"నీ కాళ్ళు పోతాయనే తల్లీ."

"ఉంటే మాత్రం, ఎక్కడికి పోతానమ్మా?"

నేను లేచి మా ఆయన చేతిలో ఫోను లాక్కుని గోడ అవతలికి విసిరేశాను. అటూ ఇటూ ఇద్దరూ నోరు మూశారు. యశస్విని మాత్రం జవాబు కోసం ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది.