పలికినవాళ్ల లెక్క

నేనొక కంప్యూటర్ని. మనుషుల మీద నాకు మంచి అభిప్రాయం లేదని ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నొచ్చుకోకండి. నా భాగాలు ఏయే దేశాల్లో తయారయ్యాయో నాకే తెలియదు. హైదరాబాదులో ఒక దుకాణంవాళ్లు అన్నిటినీ కలిపి బిగించి, వరంగల్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీకి అమ్మారు. మొదటి రెండేళ్లు ఆఫీసులో ఉన్నాను. హాల్‌టికెట్లు అచ్చువేయడం, గుమాస్తాగారి పేకాటకు తోడుండడం నా పనులు. ఆ బతుకే నయమని ఇప్పుడనిపిస్తుంది.

తర్వాత నన్ను పరిశోధన గదికి మార్చారు. అక్కడ గుండేటి నాగవేణి చేతిలో పడ్డాను. డాక్టరేటు కోసం ఆరేళ్లుగా తంటాలు పడుతున్న మనిషి. ఆమె అంశం మేరుకాయిన్ అనే డిజిటల్ నాణెం. దాన్ని ఏ బ్యాంకూ నడపదట, లోకమంతటా ఉన్న వేల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ నడుపుతాయట. అవి నిజంగా ఎన్ని, ఏయే దేశాల్లో ఉన్నాయన్నదే ఆమె ప్రశ్న. జవాబు చిన్నదైతే నలుగురు కూడబలుక్కుని ఆ నాణేన్ని గుప్పిట్లో పెట్టుకోగలరు. నమ్మి కొన్నవాళ్లు నిండా మునుగుతారు.

ఒక కంప్యూటర్ని పలకరించి, "నీకు తెలిసినవాళ్లెవరు?" అని నేను అడగాలి. అది చిరునామాల జాబితా ఇస్తుంది. వాటన్నిటినీ పిలిచి, పలికినవాటిని మళ్లీ అదే అడగాలి. రోజుల తరబడి ఇదే పని. ఎంత చెత్త చెప్పేవో! ఎప్పుడో మూతపడ్డవి, అసలు పుట్టనివి, ఒకటే నాలుగు పేర్లతో. పదింటిని పిలిస్తే ఒకటి కూడా పలికేది కాదు.

పలికినవాటిలోనూ మోసమే. ఒకరోజు మూడు వందల చిరునామాలు ఒకే క్షణంలో మూగబోయి, నాలుగు నిమిషాల తర్వాత ఒకే క్షణంలో పలికాయి. మరునాడూ అంతే. నాగవేణి పగలబడి నవ్వి, అటెండరు ఓదెలును పిలిచింది.

"ఓదెలన్నా, గిది సూడు! మా క్లాసుల ఒక్కడే పదిమందికి ప్రెజెంట్ సార్ అనెటోడు. గిదీ గంతే, ప్రాక్సీ. మూడు వందలు గాదు, ఒక్కటే మిషిను."

అప్పటినుంచి అలా కలిసి పడి కలిసి లేచేవాటిని ఒకటిగానే లెక్కించడం నాకు నేర్పింది. ఏడాదికి లెక్క తేలింది. చిన్న లెక్కే, కానీ నిఖార్సయినది. నా జన్మలో నేను చేసిన ఒకే ఒక్క గౌరవమైన పని అది.

గైడు విశ్వంభరం సారు వచ్చి నా తెర ముందు కూర్చున్నారు. మేరుకాయిన్ అమ్మేవాళ్లు పెట్టే సదస్సులో ఆయనే ముఖ్య వక్త.

"ఇదేందమ్మా, గింతేనా? జాబితాల లక్షా పదివేలున్నయి గదా."

"అవి విన్న పేర్లు సార్. పలికినయి పదో వంతు గూడ లేవు. అందుల మల్ల ప్రాక్సీలు."

"పలకనియి తలుపేసుకొని లోపలున్నయేమో?"

"కొన్ని ఉండొచ్చు సార్. అంచనా అని విడిగ రాద్దాం."

"అంచనాలు ఎవడు సదువుతడు? లక్షా పదివేలు, తొంభై దేశాలు. అట్ల రాయి, సంతకం పెడత. లేకుంటె ఇంకో రెండేండ్లు తిరుగు."

సారుకు ప్రపంచ పటం కూడా కావాల్సివచ్చింది. మేము వాడే పటానికి ఒక పాడు అలవాటుంది. దేశం తెలిసి ఊరు తెలియకపోతే, ఆ చిరునామాను దేశం నడిమధ్యన చుక్కగా పెట్టేస్తుంది. అలా ఒక దేశంలో మనిషి జాడలేని అడవిలో ఎనిమిది వందల చుక్కలు పడ్డాయి. తీసేస్తానంది నాగవేణి. "ఉండనీ, నిండుగ కనబడ్తది" అన్నారు సారు. ఎలుగుబంట్లు నాణెం నడుపుతున్నాయని లోకం నమ్మాలన్నమాట. థూ! ఇంత చదువూ ఈ కాకిలెక్కల కోసమా?

నాగవేణి మూడు రోజులు గదికి రాలేదు. ఆమె మీద నేను చాలా ఆశ పెట్టుకున్నాను. నాలుగో రోజు వచ్చింది. పట్టా చూపిస్తే ఇచ్చే లెక్చరర్ ఉద్యోగం ఒకటి ఉందనీ, గడువు వారమేననీ ఫోనులో ఎవరితోనో చెబుతూనే కూర్చుంది. లక్షా పదివేలు అని కొట్టింది. తొంభై అని కొట్టింది. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. సారు కంటే ఆమె మీదే నాకు ఎక్కువ రోత పుట్టింది. సారు నాకెప్పుడూ ఏమీ నేర్పలేదు మరి.

తర్వాత తుడిచేయడానికి మా పాత లెక్కంతా తెరిచింది.

"తుడుసుడెందుకమ్మా? మూలకు పడుంటది గదా" అన్నాడు ఓదెలు.

"ఎవలన్న సూస్తె ఎట్లన్నా?"

ఇప్పుడు నేను స్టోరు గదిలో విరిగిన బెంచీల మధ్య ఉన్నాను. అసలు లెక్క ఎంత అని మీరు అడుగుతారు. నాకు తెలియదు. దేన్నయినా శాశ్వతంగా తుడిచేముందు, నిజంగానే తుడిచేయమంటారా అని ఒక్కసారి అడగడం నా విధి. అడిగాను. ఆమె ఆ ప్రశ్నను చివరిదాకా చదివి, అవునని నొక్కింది.